నల్లబండ టేపు

సముద్రం మధ్య దీవిలోని సువా విశ్వవిద్యాలయంలో పాత టేపులు దాచే గది. ముసలి ప్రొఫెసరు టేపు పెడితే, ఊరి నుంచి వచ్చిన పంతులమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటోంది.

"మా తాత గొంతే సార్! సొరచేప మా మూలపురుషుణ్ణి నల్లబండ మీద దింపిన కథ. ఊరంతా మీ పుస్తకం చదివే నేర్చుకున్నాం. రేపు బడిలో పిల్లలు నాటకంగా ఆడేదీ ఇదే."

"అప్పుడు నేనింకా చదువుకుంటున్నా. పానీయం చేసుకునే యాంగొనా వేళ్ల కట్ట కానుకగా తెచ్చి ముందు పెడితే మీ తాత చెప్పాడు."

"కథ అయిపోయింది, టేపు ఇంకా తిరుగుతోందేంటి?"

"ఆపకుండానే ఏటికి స్నానానికి వెళ్లుంటాను. అక్కణ్ణించి నేనెప్పుడూ వినలేదు."

"ఉండండి, మా బామ్మ! 'ఈ కథ నాకెప్పుడూ చెప్పలేదే?' అంటోంది. తాతేమో... అయ్యో సార్!"

"ఏమైందమ్మా?"

"'అంత కట్ట తెచ్చిచ్చిన కుర్రాణ్ణి ఉత్త చేతులతో ఎలా పంపను? అప్పటికప్పుడు అల్లేశా' అంటున్నాడు."

"అల్లేశాడా? నలభై ఏళ్లు ఇదే పాఠం చెప్పానమ్మా!"

"పవిత్రమని మేం ఆ బండ మీద కాలు కూడా పెట్టం సార్!"

"ఇంకా ఏమంటున్నారు?"

"'జనం నమ్మేస్తేనో?' అంటోంది బామ్మ."

"తాతో?"

"పడీపడీ నవ్వుతున్నాడు. 'సొరచేప మనిషిని మోసిందంటే ఎవడు నమ్ముతాడే?'"