గుట్టల బాబాయ్ వరద ఊరు ఊడ్చిన వైనం

వరదొచ్చినా, భూకంపమొచ్చినా, ఆ తర్వాత మిగిలిన చెత్తా చెదారం ఎత్తించడమే ఇరవై ఎనిమిదేళ్లుగా గుట్టల బాబాయ్ ఉద్యోగం. నిన్నటితో అది అయిపోయింది. ఆయన సీట్లోకి వచ్చిన అమ్మాయి వరదలో మునిగిన ఓ ఊరికి ఈ మధ్యాహ్నమే బయల్దేరాలి. టీకొట్టు బల్ల మీద చేతులు రెండూ ఒళ్లో బిగించుకుని కూర్చుంది. బాబాయ్ అది చూశాడు. చూశాక ఆయన నోరు ఊరుకుంటుందా?

"దీనికే బెంగెందుకమ్మా! నా మొదటి వరదకి నా చేతికిచ్చినవి మూడంటే మూడు లారీలు. సాయంత్రానికల్లా ఒక వీధి అద్దంలా చేసి పెట్టాను."

"ఒక్క వీధేనా?" టీ తాగడానికొచ్చిన పక్కకొట్టు టైలర్ సాగదీశాడు.

"ఒక్క వీధని ఎవరన్నారయ్యా? వీధి లాగితే పేట కదిలింది, పేట లాగితే ఊరే కదిలింది! చెత్త గుట్ట ఎంత పెరిగిందనుకున్నావ్, మూడంతస్తులు! ఇనుమొక పక్క, సిమెంటు పెళ్లలొక పక్క, పాడైన ఫ్రిజ్‌లొక పక్క వేరుచెయ్యాలి. నేను చెయ్యి పెడితే ఒట్టు. ఊరికే చెవి ఆనించేవాణ్ని. ఇనుము మూలిగేది, పెళ్ల దగ్గేది, ఏది ఎక్కడుందో ఇట్టే తెలిసిపోయేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో రోజుకి గుట్టకే నా గొంతు అలవాటైపోయింది. 'కదలండ్రా' అన్నానో లేదో, ఫ్రిజ్‌లన్నీ తలుపులు మూసుకుని, బుద్ధిగా వరసలో నడుచుకుంటూ పోయి లారీ ఎక్కాయి!"

"మెట్లు వేశారా బాబాయ్, ఎగిరి ఎక్కాయా?" టీకొట్టు అక్క టీ వడపోస్తూ అడిగింది.

"చిన్నవాటికి చెయ్యందించాన్లే. ఇంకా విను. ఆఖరికి నదే వచ్చింది. తలొంచుకుని, 'తప్పైపోయింది, నా బురద నాకిచ్చెయ్యండి, పట్టుకుపోతా' అంది. వదుల్తానా? గుమ్మాలన్నీ దాని చేతే కడిగించి మరీ పంపించా!"

బల్ల బల్లంతా గొల్లున నవ్వింది. అమ్మాయి మాత్రం నవ్వలేదు.

మొదటి రోజు నుంచీ బాబాయ్‌తో కలిసి పనిచేసిన, శిథిలాలు తవ్వి ఎత్తే ప్రొక్లెయిన్ డ్రైవర్ ఇంతసేపూ ఓ మూల బిస్కెట్ నానబెట్టుకుంటున్నాడు. మెల్లిగా గొంతు సవరించుకున్నాడు.

"అన్నీ చెప్పావు గానీ అన్నా, ఆ మొదటి వరద రోజు లారీ దిగనంటే దిగనని రెండు గంటలు లోపలే కూర్చుని ఏడ్చావే, అది చెప్పలేదేం?"

బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి.

అమ్మాయి తలెత్తింది. "నిజమా సార్?"

బాబాయ్ అబద్ధమాడదామనుకున్నాడు. ఆ కళ్లు చూసి ఆడలేకపోయాడు. "నిజమేనమ్మా."

"మరెలా దిగారు?"

"ఓ పెద్దావిడ వచ్చి లారీ తలుపు తట్టింది. 'నలభై ఏళ్లున్న ఇల్లు బాబూ, ఎక్కడుందో ఆనవాలు దొరకట్లేదు, కాస్త వెతికిపెడతావా' అంది. ఇంకేం కూర్చుంటాను? దిగాను."

"దొరికిందా?"

"సాయంత్రానికి గడప దొరికింది. ఆవిడ దాని మీద కూర్చుని, 'మిగతాది రేపు చూద్దాంలే, ముందు నువ్వేమైనా తిన్నావా నాయనా' అని అడిగింది."