తివాచీలో జానెడు ఖాళీ

గుడ్ ఫ్రైడే ఉదయం తొమ్మిది గంటలు. గ్వాటెమాలాలో ఒక పాత పట్నం, రాళ్ళు పరిచిన వీధి. ఎల్విదియా ఇంటి ముందు రంగులద్దిన రంపపు పొట్టుతో ముగ్గులా వేస్తున్న తివాచీ దాదాపు పూర్తయింది. పదిన్నరకి ఊరేగింపు దాని మీదుగా నడిచి వెళ్తుంది.

"అరవకు ఎల్విదియా. వీధి వీధంతా చూస్తోంది."

"చూడనీండి దోన్ రిగోబెర్తో. ఏడాదిగా చూస్తూనే ఉన్నారుగా, ఇవాళ కొత్తా? ఇందాకటి మాట మళ్ళీ అనండి. గట్టిగా అనండి. నా కూతురికీ వినబడాలి."

"దానికి వినబడినా ఒకటే, వినబడకపోయినా ఒకటే."

"దానికో పేరుంది. నినెత్. ఇరవై మూడేళ్ళు. మీ కాళ్ళ దగ్గరే మోకాళ్ళ మీద కూచుని దేవుడి కోసం తివాచీ వేస్తోంది, కనబడటం లేదా?"

"సరే, నినెత్. పదింటికల్లా నినెత్‌ని వెనక గదిలో పెట్టి తాళం వెయ్యి. పల్లకీ మలుపు తిరిగాక తియ్యి. ఇది నా మాట కాదు, ఊరేగింపు కమిటీ మాట."

"కమిటీ అంటే ఎవరండీ? మీరూ, మీ బావమరిదీ, ఆ పూలకొట్టాయనా."

"ఎవరైతేనేం? పెద్దని నేను. తీర్మానం తీర్మానమే."

"మా ఇంట్లో కుక్కనైనా గదిలో పెట్టి తాళం వెయ్యం."

"కుక్క పల్లకీ కింద దూరలేదుగా!"

"మొదట అది. తర్వాత ఇది."

"ఇదుగో, మొదలెట్టింది. ఏమంటోంది నీ కూతురు?"

"రంగుల వరస అయ్యుంటుంది. మొదట ఆకుపచ్చ, తర్వాత తెలుపు. మీరు ఆ అంచు మీద కాలు తియ్యండి, పొట్టు చెదురుతోంది."

"పొట్టు చెదిరితే ఇంత బాధ. మాత పల్లకీ ఒరిగితే మాత్రం ఏమీ లేదు మీ తల్లీ కూతుళ్ళకి."

"ఏమీ లేదని ఎవరన్నారు? మీ ఇంటికొచ్చి క్షమాపణ చెప్పలేదూ? గుమ్మంలోనే నిలబెట్టారు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు."

"ఎలా ఇస్తాం? మా సుసెలీ చీలమండ బెణికి రెండు నెలలు మంచం దిగలేదు. ఏడో చోట మోస్తోంది మా పిల్ల. నలభై మంది ఆడవాళ్ళ భుజాల మీద వ్యాకులమాత నిమ్మళంగా వస్తోంది. డప్పులు కొట్టారు. ఇది కెవ్వుమని అరిచింది, పరుగెత్తుకొచ్చి కింద దూరింది. మాత కిరీటం జారింది. మా తాతల నాటి నుంచి జరగలేదు అలాంటిది."

"డప్పుల చప్పుడు దానికి పడదు. చెవిలో పుల్ల పెట్టి పొడిచినట్టుంటుందిట. అందుకేగా రంపపు మిల్లులో పనివాళ్ళు పెట్టుకునే చెవి మూతలు అడిగి తెచ్చాను."

"అవి పోయినేడూ పెట్టుకునే ఉంది! నేను చూశాను. చెవులు మూసుకుని ఉండి కూడా అరిచింది కదా?"

"ఉంది. అవును... పెట్టుకునే ఉంది. అయినా ఎందుకరిచిందో."

"ఎందుకేమిటి? పిచ్చి."

"పిచ్చి కాదు. ఆటిజం. ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ఆ మాట పలకడానికి నోరు నొప్పా?"

"ఏ పేరు పెట్టినా అరుపు అరుపే."

"అరిచిందని చావగొడతారా? ఆ సాయంత్రం స్నానం చేయిస్తే దాని కుడి భుజం అరచేతంత మేర నల్లగా కమిలిపోయి ఉంది. ఎవరు కొట్టారో ఇప్పటికీ చెప్పరు మీరు."

"ఒట్టు, ఎవరూ చెయ్యి వెయ్యలేదు. లాగి పక్కన కూచోబెట్టారంతే."

"లాగితే భుజం కములుతుందా?"

"నాకేం తెలుసు? ఎక్కడ కొట్టుకుందో."

"మీకేదీ తెలియదు. అది చర్చిలో ముందుకీ వెనక్కీ ఊగుతుంటే మాత్రం అందరికీ తెలుస్తుంది. అందరి మెడలూ వెనక్కి తిరుగుతాయి. ఊగితే ఎవరి సొమ్ము పోయింది? బస్సులో పక్కన కూచోరు. రొట్టెల కొట్లో దాని వంతు వస్తే దాన్ని దాటి వెనకవాళ్ళని అడుగుతారు, ఏం కావాలని. అది నోట్లు పట్టుకుని అలాగే నిలబడుతుంది."

"మాట్లాడదుగా మరి! అడిగితే చెప్పాలిగా!"

"చెప్తుంది. కాస్త ఆగాలి. ఒక నిమిషం. మీ ఊళ్ళో ఎవరికీ ఆ ఒక్క నిమిషం ఉండదు."

"మొదట అది. తర్వాత ఇది."

"నువ్వుండవే కాసేపు! పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం."

"చూశావా, నీకే విసుగ్గా ఉంది. ఊరిని అంటావు."

"నా విసుగు నాది. నేను కన్నాను, నేను విసుక్కుంటాను. మీకేం హక్కుందని?"

"ఆ నిద్ర చుక్కలేవో ఇస్తున్నావటగా. మందులషాపు వాడు చెప్పాడు. ఈ పూట నాలుగు ఎక్కువ వెయ్యి, పడుకుంటుంది. తాళం గొడవే ఉండదు."

"అవి రాత్రి పూట వెయ్యాల్సినవి. పది చుక్కలు. పోయినేడు ఊరేగింపు అయినప్పటి నుంచీ ఇదే పాట దీనికి, మొదట అది తర్వాత ఇది, మొదట అది తర్వాత ఇది. రోజూ సాయంత్రం నా కొంగు పట్టుకుని అదే. ఒకసారి వీధిలోకి ఈడ్చుకొచ్చి ఈ రాళ్ళు చూపించి అదే. నాకు పిచ్చెక్కేట్టుందని డాక్టరు దగ్గర ఏడిస్తే రాసిచ్చాడు."

"చూశావా మరి! ఇంట్లోనే నీకు పిచ్చెక్కుతోంది. వీధిలో మేం భరించాలా?"

"మాటకి మాట అంటించడం బాగా వచ్చు మీకు."

"ఇదేమిటి? తివాచీ నడిమధ్య ఈ ఖాళీ ఏమిటి? జానెడు రాయి బోసిగా కనబడుతోంది. మాత నడిచి వచ్చే చోట ఇలా వదిలేస్తారా ఎవరైనా?"

"అది అక్కడ ఏదో పెడుతుందిట. రంగు వెయ్యనివ్వదు. తెల్లవారుజాము నుంచీ చెప్పి చూశాను."

"మిగతా పని మాత్రం... ఊ. బాగానే వేసింది. గీత చెదరలేదు. నెమలి బాగుంది."

"నోరు జారి ఒక మంచి మాట వచ్చింది మీకు. జాగ్రత్త, కమిటీ వినగలదు."

"వెటకారాలొద్దు. నాకు ఇంకా నాలుగు వీధులు చూసుకునే పనుంది. తాళం వేస్తావా, వెయ్యవా?"

"వెయ్యను."

"అయితే నీ వంతు చీటీ ఇటివ్వు."

"ఏం చీటీ?"

"మాతని మొయ్యడానికి ఇచ్చిన చీటీ. నీ ఇంటి ముందు నుంచి మలుపు దాకా, పన్నెండో చోటు. నువ్వు పల్లకీ మోస్తుంటే నీ కూతుర్ని పట్టుకునేదెవరు? ఆ చీటీ ఇంకొకరికి ఇస్తాను."

"దోన్ రిగోబెర్తో. తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళ నుంచి పేరు రాయిస్తున్నాను. మా అమ్మ పోయే ముందు మాటిచ్చాను, నా గుమ్మం ముందు మాతని నేను మోస్తానని."

"అందుకే తాళం వెయ్యమంటున్నాను."

"నిన్న రాత్రంతా నల్ల ముసుగు ఇస్త్రీ చేసుకున్నాను. జోళ్ళు తుడిచి పెట్టుకున్నాను."

"ఏ జోళ్ళు? జనవరిలో కొలత రోజున వేసుకున్నవేనా?"

"అవే. మడమ ఎత్తు లేనివి, మీ కొట్లో కుట్టించినవే."

"మంచిది. భుజం ఎత్తు కొలిచి చోటు ఇచ్చేది ఎందుకనుకున్నావు? రెండు వేళ్ళ మడమ ఎక్కువైనా ఆ మనిషే పొడుగైపోతుంది, చుట్టూ ఉన్నవాళ్ళ బరువంతా ఆ ఒక్క భుజం మీదికొస్తుంది. కొలత రోజు జోళ్ళతోనే మొయ్యాలన్న నియమం పెట్టింది నేనే. ముప్పయ్యేళ్ళుగా జోళ్ళు కుడుతున్నవాణ్ణి, నాకు తెలియదా?"

"మొదట అది."

"అబ్బబ్బ! నోరు మూయించు దాన్ని!"

"గంటే కదా, దోన్ రిగోబెర్తో?"

"గంట కూడా పట్టదు. ముప్పావుగంట."

"తాళం అక్కర్లేదు. గడియ పెడతాను."

"తాళం. తాళంచెవి నాకివ్వాలి."

"...సరే."

"అలా దారికి రా. మొదటే ఈ మాట అంటే ఇంత రభస ఉండేది కాదు."

"ఇక ఒక్క మాట కూడా అనకండి. నా మొహం చూడకండి. నినెత్, లేమ్మా. చేతులు కడుక్కో. కాసేపు వెనక గదిలో కూచుందువు. తేనెలో ఉడికించిన సెనగలు పెడతాను, నీకిష్టం కదా."

"వెళ్ళను. ఖాళీ నిండలేదు."

"ఏదో ఒక రంగు పోసి రా, తొందరగా."

"రంగు కాదు. ఇది."

"ఏయ్! ఆ డబ్బాలోంచి ఏం తీసింది? తివాచీలో చెత్త పెడుతోందేమిటి?"

"ఆగండి. దాని మీద చెయ్యి వెయ్యకండి. ఏమిటే అది? మడమా? ఆడవాళ్ళ జోడు మడమ. నాలుగు వేళ్ళ ఎత్తుంది. ఎక్కడిదే నీకు?"

"ఇక్కడిది. పోయినేడు. పొట్టు ఊడ్చేటప్పుడు దొరికింది. ఇక్కడే విరిగింది."

"ఎవరిదో ఏమో. రోజూ వెయ్యి మంది నడిచే వీధి. ఇలా ఇవ్వు పిల్లా, పారేస్తాను."

"మీకెందుకంత తొందర? నన్ను చూడనీండి. అడుగున మూడు ఇత్తడి మేకులు."

"మేకులు లేని మడమ ఉంటుందా?"

"మూడూ త్రికోణంగా కొట్టి ఉన్నాయి. ఈ పట్నంలో ఇలా కొట్టేది ఒక్క కొట్టే. నా జోళ్ళ కిందా ఇవే ఉన్నాయి. తిప్పి చూపించనా?"

"నా కొట్లో వందమంది కుట్టించుకుంటారు ఎల్విదియా."

"సుసెలీ అక్కది."

"ఏమన్నావు?"

"నినెత్, నెమ్మదిగా చెప్పు. నేను ఆగుతాను. దోన్ రిగోబెర్తో, మీరూ ఆగుతారు. కదిలారంటే ఈ మడమ పట్టుకుని చర్చి గుమ్మం దాకా వస్తాను."

"ఏడో చోటు. అక్క అందరికన్నా పొడుగుంది. పక్కవాళ్ళ భుజానికీ పల్లకీ కర్రకీ మధ్య సందు ఉంది. అక్కకి సందు లేదు. మడమ విరిగింది. అక్క కూలింది. పల్లకీ ఒరిగింది. మొదట అది."

"తర్వాత?"

"తర్వాత నేను అరిచాను. పరుగెత్తాను. ఏడో చోట భుజం పెట్టాను. బరువు. చాలా బరువు. తర్వాత ఇది."

"భుజం పెట్టావా? ఈ భుజమా? ఆ రోజు కమిలిన భుజమా నినెత్?"

"పెట్టకపోతే మాత పడిపోయేది."

"విన్నావా రిగోబెర్తో? కొట్టిన దెబ్బ కాదది. నీ కూతురు వదిలేసిన బరువు."

"అది చెప్పింది నమ్ముతావా? దానికి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు."

"నీకు తెలుసుగా! నీకు అన్నీ తెలుసు. మడమ విరిగిన జోడు ఇంటికొచ్చింది. చూసింది నువ్వే. కొత్త మడమ వేసిందీ నువ్వే అయ్యుంటుంది. నా కళ్ళలోకి చూసి, వెయ్యలేదని చెప్పు."

"జనం చూస్తున్నారు ఎల్విదియా."

"చెప్పవయ్యా!"

"ఆ పిల్ల ఏడ్చింది ఎల్విదియా. నల్ల ముసుగులో పొడుగ్గా, అందంగా కనబడాలనుకుంది, చిన్నతనం. నియమం పెట్టినవాడి కూతురే నియమం తప్పిందంటే నేను ఈ ఊళ్ళో తలెత్తుకుని ఎలా తిరుగుతాను? అప్పటికే అందరూ నీ కూతురి వల్లే అంటున్నారు. నేను అనలేదు మొదట. వాళ్ళే అన్నారు. నేను... కాదనలేదంతే."

"కాదనలేదంతే! ఏడాది పాటు నా పిల్లని చూసి రోడ్డు దాటి అవతలికి పోయారు జనం. ఈస్టరు భోజనానికి మా చెల్లెలు పిలవడం మానేసింది. నువ్వు కాదనలేదంతే! ఇవాళ తాళంచెవి కూడా అడిగావు. సిగ్గు లేదూ?"

"గొంతు తగ్గించు. నీ చీటీ నీ దగ్గరే ఉంచుకో. పిల్ల ఎక్కడ కావాలంటే అక్కడ కూచోనీ. ఈ మడమ మాత్రం నాకిచ్చెయ్యి."

"ఇవ్వను. ఖాళీలోనే ఉంటుంది. నలభై మందీ చూసుకుంటూ దాని మీంచి నడుస్తారు, నీ కూతురితో సహా."

"ఎల్విదియా, పండగ పూట..."

"పో అవతలికి. అంచు తొక్కకుండా పో... నా బంగారు తల్లీ, నా నినెత్. ఏడాదిగా డబ్బాలో దాచుకున్నావా దీన్ని? ఒక్క మాట, ఒక్క మాట నాకు చెప్పి ఉంటే, ఊరినంతా నిలదీసేదాన్నే! అమ్మకి ఎందుకు చెప్పలేదే?"

"చెప్పాను అమ్మా. రోజూ సాయంత్రం చెప్పాను. నువ్వు పది చుక్కలు వేశావు."