పెట్టిబోన్ కార్నర్ చరిత్ర, రాఘవులు చెప్పిన ప్రకారం

రాఘవులుకి తన గురించి తాను గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు. ఎవరైనా అడిగితేనే చెబుతాడు. అడగనివాళ్లు కొందరుంటారు, పాపం మొహమాటస్తులు. వాళ్లని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక వాళ్ల బదులు తనే అడిగేసి, తనే చెప్పేస్తాడు. ఇది పరోపకారం కిందికే వస్తుందని ఆయన గట్టి నమ్మకం. ఈ సుగుణాన్ని అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో కార్ల కంపెనీవాళ్లు ఏళ్ల తరబడి ఓర్చుకున్నారు. చివరికొక శుక్రవారం, మీటింగులో ఆయన ఒక బోల్టు వీరగాథ చెబుతుండగా, కథ కంచికి చేరకుండానే లేఆఫ్ చేసేశారు.

అప్పుడాయన ట్రాయ్ నుంచి ఉత్తరంగా రెండు గంటలు డ్రైవ్ చేస్తే తగిలే పెట్టిబోన్ కార్నర్‌లో పెట్రోలు పోసే గ్యాస్ స్టేషనూ, దాన్ని ఆనుకునున్న కొట్టూ కొని, కొట్టు వెనక రెండు గదుల్లో భార్య ఛాయాదేవితో కాపురం పెట్టాడు. పెట్టిబోన్ కార్నర్ అంటే రెండు రోడ్లు కలిసేచోట నాలుగు స్టాప్ సైన్లు, తాళమేసిన చర్చి, ధాన్యం పోసే పొడుగాటి సైలో, ఎడంగా కొన్ని ఇళ్లు, కంటిచూపు ఆనినంత మేరా చక్కెర దుంపల చేలు. మేయర్ లేడు, పోలీసు లేడు, పోస్టాఫీసు లేదు. సర్కారు లెక్కలో అది ఊరే కాదు. అమెరికాలో ఇలాంటి చోట్లు చాలా ఉంటాయి, పేరుంటుంది, ఊరుండదు. ఆ పేరైనా ఎక్కడుందయ్యా అంటే రోడ్డు పక్కన ఒక ఆకుపచ్చ బోర్డు మీద.

ఇప్పుడా బోర్డుకే ముప్పొచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. బోర్డు పీకేస్తాం, లేని ఊరికి మళ్లీ పెట్టం, అభ్యంతరాలుంటే సోమవారం సాయంత్రం, ఈ చుట్టుపక్కల వ్యవహారాలు చూసే టౌన్‌షిప్ వాళ్ల హాలుకొచ్చి మనిషికి మూడు నిమిషాలు చెప్పుకోవచ్చు అన్నారు. చుట్టుపక్కలవాళ్లు తమలో తాము ఏదో అనుకుని కొట్టుకొచ్చి, "రే, మా అందరి తరఫునా నువ్వే మాట్లాడు," అన్నారు. రాఘవులు అన్నది వాళ్ల నోటికి తిరగదు, అందుకని రే.

ఆ మాట విన్న దగ్గర్నుంచి రాఘవులు చొక్కా ఛాతీ దగ్గర బిగుతైపోయింది.

శనివారం మధ్యాహ్నం పాత ఆఫీసు స్నేహితుడు శ్యామ్‌సుందర్, కాలేజీ చదివే అతని కూతురు ఆద్య రంగులు మారిన చెట్లు చూడ్డానికి పోతూ టీ కోసం ఆగారు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది రాఘవులుకి. కౌంటర్ ముందు మూడు స్టూళ్లు వేశాడు.

"సోమవారం చెప్పబోయేది మీకు ముందే వినిపిస్తాను. బాగుందో లేదో చెప్పండి. బాగుందనే చెప్పండి."

"జల్ది చెప్పన్నా. చీకటి పడకముందే చెట్లు చూడాలె," అన్నాడు శ్యామ్‌సుందర్. అతనిది వరంగల్.

"చిన్నగానే మొదలెడతాను. నేనొచ్చిన మొదటి చలికాలం. మంచు తుఫాను. ఒక లారీవాడు కొట్టు ముందు ఇరుక్కుపోయాడు. తలుపు తీసి లోపలికి రమ్మని అల్లం టీ ఇచ్చాను. అంతే. మనిషన్నాక ఎవడైనా చేస్తాడు."

"అది నిజమే," అంది ఛాయాదేవి, పకోడీల మూకుడు మీంచి కళ్లెత్తకుండా. ఆమె సాధారణంగా మొదటి వాక్యానికే పూచీ పడుతుంది, తర్వాత వాటికి పడదు.

"వాడి వెనకాల ఇంకోడు. వాడి వెనకాల ఇంకోడు. తెల్లారేసరికి కెనడా బోర్డర్ దాకా లారీలే! అందరికీ టీ. కొట్లో పాలు అయిపోతే ఒక లారీలోనే పాలున్నాయి, పంచదార ఇంకో లారీలో ఉంది, అల్లం మాత్రం మీ ఆంటీ చీరల పెట్టెలో దొరికింది..."

"చీరల పెట్టెలో అల్లమేంటండీ?"

"నువ్వు మర్చిపోయావులే. మంచు కిటికీలు దాటింది, కప్పు దాటింది. మనమెక్కడున్నామో మంచు తీసే బండివాడికి తెలియాలి కదా? పొగగొట్టంలోంచి పైకెక్కి, మీ ఆంటీ ఎర్ర చీర కర్రకి కట్టి నిలబెట్టాను. బండివాడు సరిగ్గా నా నెత్తిమీదికొచ్చి ఆగి, కిందికి వంగి, 'ఇదేం ఊరు?' అన్నాడు. 'పెట్టిబోన్ కార్నర్' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"లోపలికొచ్చి టీ తాగిండు," అన్నాడు శ్యామ్‌సుందర్.

"టోపీ తీశాడు! ఎందుకు తీశాడు? ఈ పేరుకున్న చరిత్ర అలాంటిది. ఆ రోజుల్లో పెట్టిబోన్ అనేవాడు ఎద్దులబండి కట్టుకుని తూర్పునుంచి వస్తున్నాడు. సరిగ్గా ఆ స్టాప్ సైన్ దగ్గర బండి చక్రం విరిగింది. ఇంకెక్కడికి పోతాం? ఇక్కడే ఆగిపోయాం."

ఆద్య కప్పు దించింది. "వెయిట్, అంకుల్. ఆగిపోయాం అంటే... హూ? మీరా?"

"మనమే. అడివి కొట్టాం, మోళ్లు పీకాం, ఇళ్లు కట్టుకున్నాం. అంతా కుదుటపడిందనుకునేసరికి పెద్ద అగ్గి వచ్చింది. వేసంగి ఎండకి అడివంతా ఫెళఫెళమంటోంది, గాలి చూస్తే మనవైపే. తడి బొంతలు కప్పుకుని అందరం బావిలోకి దిగిపోయాం. బావి నీళ్లు కాగిపోయి..."

"అది ఏ ఇయర్ అంకుల్?"

"వెయ్యిన్నీ ఎనిమిదొందల ఎనభై ఒకటి."

"అప్పుడు మీరు ఏ వీసా మీద ఉన్నారు?"

"అప్పట్లో ఈ వీసాల గొడవెక్కడిదమ్మా," అన్నాడు రాఘవులు తొణక్కుండా.

శ్యామ్‌సుందర్‌కి టీ పొలమారింది. బయట దుంపల లారీ ఒకటి పోతే కిటికీ అద్దాలు గలగలమన్నాయి. రాఘవులు అది కూడా తన కథకి తాళమే అనుకుని గొంతు పెంచాడు.

"అగ్గికి అడివి పోయింది. ఏం చెయ్యాలి? ఆ బూడిదలో దుంపలు వేశాం. బూడిద బలం మామూలు బలం కాదు. అందులో ఒక దుంప పెరుగుతోంది, పెరుగుతోంది, ఆగట్లేదు. ముందు కుండంత, తర్వాత ఆవంత, ఆ తర్వాత చర్చి అంత! అప్పుడే రైలు కంపెనీవాళ్లు పట్టాలు వేసుకుంటూ తిన్నగా వస్తున్నారు. 'దుంప జరపండి' అన్నారు. 'రైలు జరపండి' అన్నాం. నూరు గుర్రాలు కట్టి లాగారు. గుర్రాలు దుంప తినడం మొదలెట్టాయి. చివరికి రైలే చుట్టూ తిరిగి పోయింది, దాని వెంట రోడ్డూ తిరిగింది. బయట రోడ్డు వంకర చూశారా? అక్కడేనమ్మా దుంప!"

"నీ దుంప తెగ," అన్నాడు శ్యామ్‌సుందర్ మనస్ఫూర్తిగా.

"తెగలేదు, తొలిచాం! లోపల తొలిచి, కిటికీలు పెట్టి, అందులో బడి పెట్టాం. బెంచీలూ దుంపే, నల్లబల్లా దుంపే. మరిప్పుడా బడేది అంకుల్ అని నువ్వడగాలి."

"ఇప్పుడా బడి ఏది అంకుల్?" అంది ఆద్య విధేయంగా.

"నాకేశారు! పిల్లలు కదా. లెక్కల పీరియడ్‌లో ఒక గోడ, సైన్సు పీరియడ్‌లో ఒక గోడ. ఏడాది తిరిగేసరికి మాస్టారు ఆరుబయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అందుకే పెట్టిబోన్ కార్నర్‌లో ఇవాళ బడి లేదు. పోస్టాఫీసో? ఆ దుంప పాకం కారి ఉత్తరాలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి, ఒకడి ఉత్తరం ఇంకోడికి, ఒకడి పెళ్లాం ముచ్చట్లు ఊరందరికీ. గొడవలవుతున్నాయని మూసేశారు. రైలెందుకు రావట్లేదంటే, తీపికి మరిగిన ఇంజను ఇక్కడాగితే కదిలేది కాదు. ఇంత చరిత్ర! ఇది నేను మూడు నిమిషాల్లో, ఇంగ్లీషులో చెప్పాలి. ఎవరివల్ల అవుతుంది? అందుకే కదా ఇంతమందిలోనూ ఏరి కోరి నన్నే మాట్లాడమన్నారు!"

తలుపు గంట మోగింది. రోడ్డవతల చేను వాళ్ల జోయాన్, డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ల దాకా బురద బూట్లతో వచ్చింది. రెండు చేతుల్లోనూ పెద్ద ఫ్లాస్కులు. తిన్నగా కాఫీ మిషన్ దగ్గరికి పోయి వాటిని నింపుతూ, "రే ఏం చెబుతున్నాడు? బయటికి వినబడుతోంది," అని ఆద్యని అడిగింది. మాట్లాడింది ఇంగ్లీషే, మనం తెలుగులో చెప్పుకుందాం.

ఆద్య చెప్పింది. చక్రం, అగ్గి, దుంప, నాకేసిన బడి, ఏదీ వదల్లేదు. జోయాన్ నవ్వి నవ్వి ఫ్లాస్కు కింద పెట్టి కళ్లు తుడుచుకుంది.

"ఆ బడిలో నేను నాలుగో క్లాసు దాకా చదివాను. చర్చి వెనక షెడ్డులో ఇప్పుడు ట్రాక్టరు పెడతారు చూడు, అదే."

"మరెందుకు మూసేశారు?" అంది ఆద్య.

"మూసేస్తాం, అభ్యంతరాలుంటే చెప్పమని మీటింగు పెట్టారు. ఎవరూ వెళ్లలేదు. అప్పుడూ ఇలాగే అక్టోబరు, దుంపలు తవ్వుతున్నాం. నేల గడ్డకట్టేలోపు తవ్వాలి, పంచదార ఫ్యాక్టరీవాళ్లు ఎప్పుడు పిలిస్తే అప్పుడు లారీ అక్కడుండాలి. మా నాన్న బూట్లు కూడా వేసుకున్నాడు మీటింగుకని. అంతలో లారీ వచ్చింది."

"పోస్టాఫీసు?"

"అదీ అక్టోబరే." జోయాన్ ఫ్లాస్కు మూత బిగించింది. "పగబట్టి కాదులే. వాళ్ల బడ్జెట్టు అప్పుడొస్తుంది, మా దుంపలూ అప్పుడే వస్తాయి."

ఆద్య రాఘవులు వైపు చూసింది, మళ్లీ ఆమె వైపు చూసింది. "అయితే ఈసారి అంకుల్‌ని మాట్లాడమన్నది... ఆయన బాగా మాట్లాడతారనా?"

"రేనా?" జోయాన్ ఆలోచించింది. అబద్ధం ఆమెకి అలవాటు లేదు, మొహమాటమూ లేదు. "రే చెప్పేది నాకు సగం అర్థం కాదమ్మా. కానీ ఈ నెలలో దుంపలు లేనివాడు ఇక్కడ రే ఒక్కడే."

కొట్లో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే రాఘవులుకి సులువయ్యేది. చొక్కా మాత్రం ఒక్కసారిగా వదులైపోయింది. ఛాయాదేవి పొయ్యి తగ్గించింది.

"నీకు తెలుసా?" అన్నాడాయన భార్యతో, మెల్లిగా.

"జోయాన్ మొదటిరోజే చెప్పింది నాకు. మీరంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పనండీ? రాత్రి అద్దం ముందు పెట్టిబోన్‌లాగా నడుస్తున్నారు."

రాఘవులు టీ వైపు చూశాడు, మీగడ కట్టింది. ఆ బడి నిజంగా నాకేస్తే పోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఒక లారీ వేళకి రావడంవల్ల పోయిందంటే వినడానికేం బాగుంది? అందులో ఎవడి మీదని అరవాలి? తను అల్లిన కోతలన్నీ పోయినవాటి చుట్టూనే తిరిగాయి. అవి ఊరికే పోయాయన్నది ఆయన నోటికి రాని ఒకే ఒక్క ముక్క.

"జోయాన్, మరి సోమవారం ఏం చెప్పమంటావు?"

ఆమె ఫ్లాస్కులు రెండూ ఎత్తుకుంది. "వీలుంటే వచ్చేవాళ్లమే అని చెప్పు." తలుపు భుజంతో తోసుకుని వెళ్లిపోయింది.

శ్యామ్‌సుందర్ లేచి రాఘవులు వీపు తట్టాడు. "ఏది ఏమన్నా, ఆ దుంప బడి మస్తుండెనే అన్నా." చెట్లు చూడ్డానికి వాళ్లు వెళ్లేసరికి పొద్దు వాలింది. ఆద్య మాత్రం కారెక్కేముందు చర్చి వెనక్కి నడిచి, ఆ ట్రాక్టరు షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

సోమవారం టౌన్‌షిప్ హాల్లో మడతకుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. టౌన్‌షిప్ మెంబర్లు, రోడ్డు డిపార్ట్‌మెంటు మనిషి, రాఘవులు, ఛాయాదేవి. ఇంకెవరూ లేరు. కిటికీలోంచి చూస్తే దూరంగా చేలల్లో ట్రాక్టర్ల లైట్లు అటూ ఇటూ కదులుతున్నాయి.

పేరు పిలిచారు. ఆయన లేచాడు. దుంప గొంతుదాకా వచ్చింది, చర్చి అంత దుంప. రాఘవులు దాన్ని మింగాడు. జీవితంలో అంత పెద్దది మింగడం అదే మొదలు.

"నా పేరు రాఘవులు. పెట్టిబోన్ కార్నర్‌లో కొట్టు నాది. మిగతావాళ్లు వచ్చేవాళ్లే. అదిగో, దుంపలు తవ్వుతున్నారు. నాకు దుంపలు లేవు, అందుకని నేనొచ్చాను. మేమక్కడ ఉన్నాం. బోర్డు ఉంచండి."

కూర్చున్నాడు. ఛాయాదేవి ఆయన్ని ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇచ్చిన మూడు నిమిషాల్లో ఎక్కువ భాగం ఎవరికీ పనికిరాకుండా అలా ఉండిపోయింది. టౌన్‌షిప్ మెంబర్లలో ఒకాయన కిటికీ బయటి లైట్లకేసి చూసి, టేబుల్ కింద తన బూట్లకేసి చూసుకున్నాడు. వాటికీ ఎండిన బురద ఉంది. ఆయనే ముందు చెయ్యెత్తాడు. తర్వాత పక్కనున్నావిడ. తర్వాత మిగతావాళ్లు.

రోడ్డు డిపార్ట్‌మెంటు మనిషి సరేనని తలూపి, మ్యాపు టేబుల్ మీద పరిచి, పెన్సిల్ పట్టుకుని రాఘవుల్ని దగ్గరికి పిలిచాడు.

"కొత్త బోర్డు పెడతాం. ఎక్కడ పాతమంటారు? అంటే, మీ ఊరు ఎక్కడ మొదలవుతుంది?"

రాఘవులు మ్యాపు మీదికి వంగాడు. సైలో దగ్గరా? జోయాన్ వాళ్ల చేను గట్టు దగ్గరా? ఇంకా అవతల, లైట్లు కదులుతున్న ఆ చివరి పొలాల దగ్గరా? పెన్సిల్ గాల్లో ఆగి చూస్తోంది. నాలుక మీదికి ఒక జవాబు అప్పుడే వచ్చి కూర్చుంది, మంచి జవాబు, ఎద్దులతో సహా. దాన్ని పక్కకి నెట్టాడు.

"అది నాకింకా తెలీదండీ," అన్నాడు. "వాళ్లనడిగి చెబుతాను."