బందీపూర్‌లో మా మామ కేక

ఊటీ ఎట్లుండాదని మాత్రం నన్నడగొద్దక్కా. చలి, మంచు, క్యారెట్లు. అంతే నాకు తెల్సింది. మీ మరిది వేసిన ప్లానులో ఊటీ చూసేదానికి టయం యాడుండాది? దిగు, ఎక్కు. దిగు, ఎక్కు. సంతకు తోలుకపోయే గొర్రెల్ని గూడా అంత తొందరపెట్టరు.

నవ్వు, నవ్వు. నీకేమి! గుంతకల్లులో రైల్వే క్వార్టర్సులో కూర్చోనుంటావు, బావ పాసు తెచ్చిస్తే రైలెక్కుతావు. రైలు నిన్ను చూసి గడియారం చూపించి అరుస్తాదా? మా సుమో డ్రైవరు అరుస్తాడు. డ్రైవరెవరు? మీ మరిదే కదా!

మొదట్నుంచి చెప్తా ఉండు. ఆ చాట ఇట్ల జరుపు, నాలుగు చెనిక్కాయలు ఒలుచుకుంటా చెప్తా.

దసరా సెలవులకు మైసూరు పోదామని మా పాప లహరి పోయినేడాది నుంచి ఒకటే పోరు. ఈయప్పకేమో రాయదుర్గంలో మోటార్లంగడి బాగానే జరుగుతాండాది. వానల్లేక అందరూ బోర్లేస్తే మా అంగడి నడుస్తాది, ఆ పాపం సంగతి వేరే, వదిలేయ్. కొత్తగా కొన్న సుమోను గుమ్మగట్ట సందుల్లో తిప్పితిప్పి ఆయప్పకు గూడా విసుగు పుట్టింటాది. ఒక ఆదివారం నడింట్లో మ్యాపు పరిచినాడు. ఫ్యానుగాలికి ఎగిరిపోకుండా ఒక మూల ఉప్పు డబ్బా, ఒక మూల నా కుంకుమ బరిణె, ఇంకో మూలకు పాపను కూర్చోబెట్టినాడు. ఇంగ చూడు, కలెక్టరు మీటింగు పెట్టినట్ల మొదలుపెట్న్యాడు. "ఈడ్నించి చెళ్ళకెర, హిరియూరు, ఆడ్నించి మైసూరు. ప్యాలేసు, చాముండి కొండ, బృందావనం. మరుసునాడు ఊటీ."

నేను తాళింపు పెట్టుకుంటానే తొంగి చూసినా. "మైసూరుకూ ఊటీకీ మధ్యలో ఆ పచ్చగుండేదేమిది?"

"అడివి. బందీపూర్. నేషనల్ పార్కంటారు. రోడ్డు దాంట్లో నుంచే పోతాది."

"ఆడ నిలబడేది ల్యా?"

"నిలబడి ఏం చేస్తావు?"

"చూస్తా."

"ఏం చూస్తావు?"

ఏం చూస్తానో నాకు మాత్రం తెల్సునా అక్కా? మనకు కొండంటే బండలు, అడివంటే కంపచెట్లు. పచ్చటి అడివంటే నేను టీవీలో చూసిందే. దాంట్లో గూడా పులి వచ్చే టయానికి కరెంటు పోతాది. ఒక్కసారి, ఏ పనీ ల్యాకుండా, చెట్ల మధ్యలో గమ్మున ఉండాలని ఉండ్యాది. అంతే. ఇది మొగునికి చెప్పేదెట్ల? చెప్తే, "దానికి ఊటీ పార్కు ఉండాది కదా, బెంచీలు గూడా ఉంటాయి" అంటాడు. అననే అన్న్యాడు.

నేనూ వదల్లా. మొదట, "పోతాండే బండ్లోనుంచి చూడు" అన్న్యాడు. నేను పప్పులో ఉప్పెయ్యలా. తర్వాత, "టీ తాగేంత సేపు నిలబెడతా" అన్న్యాడు. ఇంకో రెండు దినాలు మాట్లాడకుండా ఉండేకొందికి, అడివోళ్ళ వ్యాన్లో లోపలికి ఒక చుట్టు తిరిగొద్దామన్న్యాడు. పొద్దున టిఫినుకూ పగలన్నానికీ మధ్యలో ఇరికించినాడు అంత పెద్ద అడివిని! అదే మహా ప్రసాదమనుకున్యా.

ఇంగ మామ సంగతి.

నువ్వు మా మామను చూసి శాన్నాళ్ళాయ కదా. బాగా వంగిపోయినాడక్కా. మొన్నటిదాంకా వానల్లేవు. ఈ ఏడు ఎట్లనో చెనిక్కాయ ఊడలు మట్టిలోకి దిగే టయానికి ఒక వాన పడ్న్యాది. చెనిక్కాయ చేను చూస్తే కండ్లు నిండుతాండ్యా. ఆ సంగతి మనకంటే ముందు అడివి పందులకు తెల్సింది. కొండలో నుంచి మందలు మందలు దిగి, చేన్లో పడినాయంటే దున్నినట్ల ఎత్తేస్తాండ్యా. అందుకని ఈ ముసలాయన రాత్రంతా మంచె మీద. డబ్బా కొట్టేది, కేకలేసేది. తెల్లారి ఇంటికొచ్చి దగ్గేది. అంగడుండాది, కొడుకు సంపాదిస్తాండాడు, ఎందుకు మామా అంటే వినడు. "అంగడి వాడిదమ్మా, చేను నాది" అంటాడు.

అందుకే అన్న్యా, మామ రాకపోతే నేనూ రాను అని. నాలుగు దినాలన్నా నిద్రపోతాడు కదా! మీ మరిది నెత్తి కొట్టుకున్న్యాడు. "పందుల్తో కొట్లాడే మనిషిని అడివికి పిల్చుకపోతావా వనజా?" అన్న్యాడు. మామ గూడా అదే మాట. "ఏమమ్మా, పందుల్ని చూసేదానికి దుడ్లు పెట్టి టిక్కెట్టు కొనాల్నా? మన చేనికి రా, ఊరికే చూపిస్తా!"

పాప పోయి తాత మెడ పట్టుకునింది. ఇంగేం చేస్తాడు? కాపలాకు పక్క చేని తిమ్మన్నను పెట్టి, బండి కదిలేదాంకా వానికి చెప్పిందే చెప్పినాడు. డబ్బా ఎట్ల కొట్టాల, ఏ పక్కనుంచి వస్తాయి, ముందు ఏ పంది దిగుతాది... తిమ్మన్న మాత్రం నిన్న మొన్న పుట్టినోడా? చెళ్ళకెర దాటేదాంకా మా మామ ఎనక్కి తిరిగే కూర్చోనుండాడు.

మైసూరు వదిలేయ్. జనం మీద జనం. ప్యాలేసుకు లైట్లేస్తే లహరి గంతులేసింది, నేను దాని చెయ్యి పట్టుకునే చూసినా, అందుకని లైట్ల కన్నా దాని జడలే బాగా గుర్తుండాయి.

బందీపూర్ మాత్రం... అక్కా, అట్లాంటి గాలి నేను యాడా పీల్చలా. తడిమట్టి వాసన, ఆకు వాసన. ఆకుపచ్చ వ్యాను ఎక్కినాం. బెంగుళూరోళ్ళు ముందు సీట్లన్నీ పట్టుకున్యారు. ఒకాయన మెడలో కెమెరా ఉండాది, మన నీళ్ళబిందె మూతంత అద్దం దానికి. గార్డు కన్నడంలో చెప్పినాడు, మాట్లాడొద్దు, లేచి నిలబడొద్దు, చెయ్యి బయట పెట్టొద్దు అని. వాళ్ళెనక మీ మరిదీ లహరీ. మామ కుడిపక్క కిటికీ. నేను వెనక, ఎడమపక్క కిటికీ.

జింకలు, మన మేకల మాదిరి, పక్కనే మేస్తాండాయి. నెమలి పోతాండాది. ఏనుగు పెంట చూసి లహరి ముక్కు మూసుకునింది. మామ మాత్రం జంతువుల్ని చూడలా. నేల్ని చూస్తాండాడు. ఒక కుంట కనపడింది, నిండుగా నీళ్ళు, చుట్టూ గడ్డి, ఒక్క పురుగు గూడా ల్యా. నా పక్కకు తిరిగి, చిన్నగా అన్న్యాడు: "ఇన్ని నీళ్ళు, ఎవురూ అడగనే అడగరు కదమ్మా ఈడ."

ఆ కుంట కనుమరుగయ్యేదాంకా నేను గూడా దాన్నే చూసినా.

ఇంకొంచెం దూరం పోయినాక గార్డు సైగ చేసినాడు. డ్రైవరు ఇంజను ఆపినాడు. యాడో ఒక జింక కుక్క మొరిగినట్ల అరిచింది. ఇంకోటి అరిచింది. చెట్టు మీద కొండముచ్చులు గోల. గార్డు వేలు ఎడమ పక్కకు చూపించి, పెదాలతోనే అన్న్యాడు: "హులి." పులి అని.

ఇంగ చూడు! వ్యాన్లో ఊపిరి పీల్చే చప్పుడు గూడా ల్యా. అందరి కండ్లూ ఎడమ పక్క పొదల మీదే. ఆ కెమెరా ఆయప్ప వేలు మీట మీద పెట్టి, శిల మాదిరి. మీ మరిది పాప నోటికి చెయ్యి అడ్డం పెట్న్యాడు. ఎంత సేపో. ఆకు కదల్లా.

మా మామకు ఆ నిశ్శబ్దం, ఆ చల్లగాలి, జోలపాడినట్లయింది. పాపం, ఎన్నాళ్ళ నిద్రో! తల కిటికీకి ఆనించి కన్ను మూసినాడు. నేను చూసి, పోన్లే, నిద్రపోనీ అనుకున్యా.

అప్పుడు కుడిపక్క నుంచి వచ్చినాయక్కా పందులు. ఒక పెద్ద తల్లి పంది, దాని వెనకాల చారల పిల్లలు. రోడ్డు వారన మూతులు పెట్టి మట్టి గెలుకుతాండాయి. ఆ చప్పుడుకు, పులి అరిచినా లేయని మా మామ కన్ను తెరిచినాడు. కన్ను తెరిస్తే ఎదురుగా ఏముండాయి? పందులు!

అంతే. లేచి నిలబడినాడు. రెండు చేతుల్తో వ్యాను రేకును దబదబా బాదుతా, "హొహ్హోయ్! ఓరి తిమ్మా! పడినాయి రా చేన్లో! హోయ్! హొహ్హోయ్!"

అమ్మా! ఆ కేక! కొండల్లో పుట్టిన కేక కదా, అడివంతా పలికింది. పందులు పారిపాయ. జింకలు పారిపాయ. చెట్లమీద పక్షులన్నీ లేసినాయి. కొండముచ్చొకటి కొమ్మ తప్పి కింద పడ్న్యాదని లహరి అంటాది, అది నేను చూడలా.

వ్యాన్లో అందరూ మామ పక్కకు తిరిగినారు. గార్డు కన్నడంలో అరుస్తాండాడు, కెమెరా ఆయప్ప ఇంగ్లీషులో అరుస్తాండాడు, మీ మరిది తెలుగులో అరుస్తాండాడు. మామ రేకు మీద చేతులు అట్లనే పెట్టి, "ఇది... మన చేను కాదా?" అన్న్యాడు.

వ్యాను దిగినాక మీ మరిది నన్ను పట్టుకున్యాడు. "నీ మాట విని పిల్చుకొచ్చినా చూడు!" రోడ్డు మీద, అందరి ముందర. "కంట్లో పడాల్సిన పులి!" అన్న్యాడు. ఆ కెమెరా ఆయప్ప మమ్మల్ని దాటుకుంటా, పులి ఉండిందో ల్యాదో ఎవురికి తెల్సులే అన్నట్ల భుజాలు ఎగరేసి పోయినాడు.

మామ చెట్టు కింద అరుగు మీద కూర్చున్యాడు. చిత్రాన్నం పెడితే ముట్టలా. అరచేతులు ఎర్రగా కందిపోయింటే వాటినే చూసుకుంటాండాడు. "కల్లో గూడా చేన్లోనే ఉండానమ్మా. అందరి మొగాన మన్ను కొట్టినా" అన్న్యాడు. నేను పక్కన కూర్చుని, "మామా, మీ కేకకు ఆ వ్యాను డ్రైవరు టోపీ ఎగిరిపోయింది, చూసినారా?" అన్న్యా. కొంచెం నవ్వినాడు. ఒక ముద్ద తిన్న్యాడు. ఊటీలో చలికి మఫ్లరు చుట్టుకుని, క్యారెట్టు తోటోళ్ళను నిలబెట్టి ఎరువుల సంగతి అడిగినాడు. తమిళోళ్ళతో ఏం మాట్లాడినాడో, వాళ్ళేం చెప్పినారో దేవునికే తెలుసు, మొగం మాత్రం కళకళలాడ్తాండ్యా.

చేనా? తిమ్మన్న బాగానే కాసినాడు. వంక గట్టు పక్కన మాత్రం పందులు కొంచెం తిన్న్యాయి. ఊరు చేరిన రాత్రికే మామ మళ్ళా మంచె ఎక్కినాడు. ఆయప్పను ఆపేదెవురు?

ఇప్పుడు మీ మరిది అంగడికొచ్చిన వాళ్ళందరికీ ఏం చెప్తాండాడో తెల్సునా? "ఆడ పులీ ల్యా, గిలీ ల్యా. జింకలు ఊరికే అరిచింటాయి." తండ్రిని తిట్టినందుకు ఇది ఒక సర్దుబాటు అనుకో. అది విని మామ గూడా, "నేననుకున్యా, పులుంటే పందులు అట్ల తీరిగ్గా మేస్తాయా?" అని తేలిగ్గా ఊపిరి తీసుకుంటాండాడు.

తలుపు కొంచెం ముయ్యక్కా. లహరి అటుపక్కే ఉండాది.

పులుండ్యాది.

నేను చూసినా.

అందరూ మామ పక్కకు తిరిగి అరుస్తాంటే, నాకు సిగ్గుతో తల కొట్టేసినట్లయి కిటికీ పక్కకు మొగం తిప్పుకున్యా. కండ్లల్లో నీళ్ళు. ఆ నీళ్ళలోనే కనపడింది. పొదల్లోనుంచి లేచి నిలబడింది. పరిగెత్తలా. బెదరలా. మంచి నిద్రలో లేపితే మన నాయన చూస్తాండె చూడు, అట్ల ఒక్కసారి చూసింది. ఎవురది ఇంత గొంతేసుకుని, అన్నట్ల. దాని చూపు వ్యాను మీద నుంచి జారి నా దగ్గర కొంచెం సేపు నిలబడింది. తర్వాత తోక ఒకసారి ఊపి, నడుచుకుంటా పోయినాది. అంత ఒళ్ళు, ఒక్క పుల్ల విరిగిన చప్పుడు ల్యాదక్కా.

చెప్పేదే కదా అంటావు. ఎట్ల చెప్తా? పులి నిజంగా ఉండిందని తెలిస్తే ఆ వ్యాన్లో వాళ్ళు మామను బతకనిచ్చేవాళ్ళా? మామన్నా తన్ను తాను బతకనిచ్చేవాడా? ఆయప్ప కోసమే మొదట నోరు మూసుకున్యా. మనమ్మ మీదొట్టు.

తర్వాత తర్వాత... నీ దగ్గర దాచేదేముండాది? చెప్పబుద్ధి కాలా. చెప్తే మీ మరిది అంగట్లో కూర్చుని, "మేము పులిని చూసినాం" అంటాడు. మేము! ఆ ఇంట్లో నా దువ్వెన గూడా నాకొక్కదానికి ల్యాదు. ఇదొకటి ఉండనీ అనుకున్యా. అన్నం వార్చేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, ఒక్కోసారి దాన్ని తీసి చూసుకుంటా. అట్లనే చూస్తాంటాది నన్ను.

మీ మరిది మళ్ళా మొదలుపెట్న్యాడు లే. ఎండాకాలం సెలవులకంట. ఈసారి రెండు దినాలు అడివిలోనే ఉండి, పులిని చూసి తీరాల్నంట. రాత్రి నన్నడిగినాడు, "ఏం వనజా, వస్తావా? చూడాల్నని నీకు శానా ఆశ కదా?" అని.

మీ ఇష్టం, అన్న్యా. నాదేముండాది?