కంప్యూటరుకు కుట్టిన కవరు

కంఠేశ్వర్‌లో కొత్తగా పెట్టిన కాపురం. పెళ్లయి నెల దాటని భార్యాభర్తలు కంప్యూటరు ముందు కూర్చున్నారు.

“మళ్ల బందయి దానంతటదే మొదలైంది! బోధన్ కాలేజీ ఉద్యోగానికి దరఖాస్తు అంతా కొట్టిన. మూడోసారి పోయింది. రేపే ఆఖరి తారీఖండీ!”

“జర నిమ్మలంగ. లోపల వేడెక్కుతున్నది, అందుకే.”

“ఎందుకెక్కుతది? అమ్మిన దుకాణపాయనకు ఫోన్ కలుపుండ్రి, నేను అడుగుత!”

“ఆయన తప్పేం లేదు. డబ్బా వెనుక ఫ్యానుకు గాలి ఆడుతలేదు.”

“ఎందుకాడది?”

“నువ్వు కుట్టిన కవరు కప్పి ఉన్నది గదా.”

“అంటే తప్పు నాదా? దుమ్ము పడొద్దని పది దినాలు కూసొని అద్దాలు పెట్టి కుట్టిన!”

“అందుకే చెప్పలే.”

“చెప్పలేదా? ఎప్పటిసంది తెలుసు మీకు?”

“సోమవారం సంది. వచ్చినోళ్లందరికి మా ఆమె కుట్టిందని చూపిస్తున్న. తీసేస్తవేమో అని...”

“నవ్వకుండ్రి! నా కోపం ఇంకా పోలే. ఈ కవరు మీ ఒళ్లో పెట్టుకొని ఇటు కూసోండి. ఇగ మీరే కొట్టుండ్రి, నేను చెప్త.”

“సరే. మొదలు నీ పేరు కొట్టిన. తర్వాత?”

“భర్త పేరు.”

“చెప్పు మరి.”

“అది నేను చెప్ప. మా అమ్మ చెప్పొద్దన్నది. మీకు తెల్సు గదా, కొట్టుండ్రి!”