సిరంజిలో నీళ్ళు

నెలలు నిండకుండా పుట్టిన పాపకు ఆసుపత్రిలో తాను చేసిన పని నర్సు మనసును రెండు నెలలుగా తొలిచేస్తోంది. పాప కోలుకుని తల్లి ఒడిలో చర్చికి వచ్చిన ఉదయం, నర్సు జ్ఞానస్నాన వేడుకకు ముందుగానే ఫాదర్ గారి గదిలోకి వెళ్ళింది.

"ఫాదర్, నేను మీ మతం దాన్ని కాదు. అయినా ఆ పాపకి జ్ఞానస్నానం ఇచ్చేశాను. తప్పయితే చెప్పండి."

"ముందు కూర్చోమ్మా. ఎందుకిచ్చావు?"

"పాప నీలంగా అయిపోతోంది. ఫాదర్ వచ్చేదాకా ప్రాణం ఆగదు, జ్ఞానస్నానం లేకుండా పోకూడదు, నువ్వే నీళ్ళు పొయ్యమ్మా అని వాళ్ళమ్మ నా చెయ్యి పట్టేసుకుంది. కాదనడానికి నోరు రాలేదు."

"ఎలా పోశావు?"

"సిరంజితో, గోరువెచ్చటివి. మూడుసార్లు తల మీద. చెవిలోకి దిగకుండా దూది అడ్డం పెట్టాను."

"మరి మాటలు?"

"వాళ్ళమ్మే అందించింది. పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అని. తడబడి, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను."

"అప్పుడు మనసులో ఏమనుకున్నావు?"

"ఆ తల్లి ఏం కోరుకుందో అదే పాపకి దక్కాలని."

ఫాదర్ గారు కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నారు.

"ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరైనా ఇవ్వొచ్చు తల్లీ. అది చెల్లుతుంది."

"మరి ఇవాళ మీరు మళ్ళీ పోస్తారుగా?"

"జ్ఞానస్నానం ఒక్కసారే. నేను నూనె రాస్తాను, తెల్లబట్ట వేస్తాను, కొవ్వొత్తి వెలిగిస్తాను. నీళ్ళ జోలికి మాత్రం పోను. ముప్పై ఏళ్ళుగా పోస్తున్నాను, చెవికి దూది పెట్టాలని నాకెప్పుడూ తట్టలేదు!"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయన జ్ఞానస్నానాల పెద్ద రిజిస్టరు తెరిచి కలం అందుకున్నారు.

"ఇచ్చినవారు అన్న చోట నా పేరు రాయకూడదు. నీ పేరు చెప్పమ్మా, నిదానంగా. తప్పుల్లేకుండా రాయాలి."