పెరీన్ అక్క దాచిన కట్టెలు

ఏంట్రా బాస్టియన్, కొండ కనుమ మీద గుడిసెలో పడుకుంటావా రేపు? పడుకో, పడుకో. కాపలావాడు లేడు, తాళం లేదు, నాలుగు చెక్క మంచాలు, ఒక ఇనప పొయ్యి... అదే కదా? ఆ పొయ్యిని పైకి మోసుకెళ్ళింది ఎవరనుకున్నావ్? మా పెరీన్ అక్క. వీపుకి కట్టుకుని. నవ్వకు! మనిషి ఇంతే, నా భుజం దాకా ఉండేది. కానీ కొండెక్కిందంటే కంచరగాడిదలు కూడా వెనకబడాల్సిందే. మీ తాత ఒకసారి అక్కతో పందెం కట్టి... వద్దులే, పాపం పోయినాయన పరువెందుకు తీయడం.

ఏం చెప్తున్నా? ఆఁ, ఆ మార్చి నెల. లియాన్ నుంచి ఇద్దరు పట్నం బాబులొచ్చి, దారి చూపించమని నన్ను కుదుర్చుకున్నారు. నాకేమో ముందురోజే దొడ్లో కాలు మడతపడి చీలమండ ఇంత లావున వాచింది. 'నేను పోతాలే' అంది అక్క. వాళ్ళలో పెద్దాయన, మార్షాన్ అని మీసాలాయన, 'ఆడమనిషి వెనకాల నడవాలా మేము?' అన్నాడు. 'ముందు నడవండి బాబూ, దారి తెలిస్తే' అంది అక్క. అంతే, వెనకాలే నడిచాడు. సాయంత్రానికి గుడిసె చేరారు. మర్నాడు దిగాలి. దిగనిస్తే కదా! మంచుతుఫాను పట్టుకుంది. తలుపు తీస్తే చాచిన చెయ్యి కనపడదు. రెండోరోజుకి కట్టెలైపోయాయి. చిన్నాయన ఎమిలియన్, ఇరవై రెండేళ్ళుంటాయేమో, బూట్లు తడిసి పాదాలు మైనంలా తెల్లబడిపోయాయి. సామాన్లు లాక్కెళ్ళిన స్లెడ్జి ఉంది, మంచు మీద జారే చెక్కబండి, మా నాన్న చేతిపని. దాన్ని అక్కే గొడ్డలితో ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది. అదీ బూడిదైపోయింది. అప్పుడేం చేసిందో తెలుసా? కోటు విప్పి, చొక్కా పైకెత్తి, ఆ అబ్బాయి పాదాలు తీసుకుని తన పొట్టకి ఆనించుకుంది. గంటలు గంటలు. వాడు నొప్పికి కేకలు పెడుతుంటే, 'అరుచుకో నాయనా, నొప్పి పుడుతోందంటే వేళ్ళు బతుకుతున్నట్టే' అంటూ.

ఇంతలో ఆ మార్షాన్ మంచం కింద వెతుకుతుంటే దొరికాయి. చంకెడు ఎండు కట్టెలు, ఒక అగ్గిపెట్టె. అక్కే గోనె కప్పి దాచింది. ఇంక చూడు! 'రాక్షసివా నువ్వు? మేమిక్కడ చస్తుంటే కట్టెలు దాస్తావా?' అని మీదికొచ్చాడు. అక్క ఆ పాదాలు వదల్లేదు. గొడ్డలి మాత్రం ఒళ్ళోకి లాక్కుని, 'మనం ముగ్గురం ఉన్నాం, ఒంటిమీద దుప్పట్లున్నాయి. తడిసిపోయి ఒక్కడే వచ్చేవాడికి ఏముంది? అవి వాడివి' అంది. 'ఈ తుఫాన్లో ఎవడొస్తాడు?' 'రాకపోతే అక్కడే ఉంటాయి.'

వచ్చాడు. మూడోరోజు చీకటి పడేవేళకి తలుపుకి ఏదో ధడేల్మని కొట్టుకుంది. మార్షానే తీశాడు. గుమ్మంలో బోర్లా పడున్నాడొకడు, గడ్డం నిండా గడ్డకట్టిన మంచు. ఎవరా? నేనేరా! మూడురోజులు కబురు లేకపోతే ఇంట్లో ఎలా కూర్చోను? వాచిన కాలికి గుడ్డ చుట్టుకుని బయల్దేరా. ఎలా ఎక్కానో నాకిప్పటికీ తెలీదు. కళ్ళు తెరిచేసరికి పొయ్యి భగభగ మండుతోంది. మార్షాన్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కట్టే పెడుతున్నాడు. అక్క నా చెంపలు వాయిస్తోంది, 'ఎవడు రమ్మన్నాడ్రా నిన్ను, కుంటి వెధవా!' అని. తిడుతూ ఏడుస్తోంది. మా అక్క ఏడవగా నేను చూసింది అదొక్కసారే. ఆ చంకెడు కట్టెల పుణ్యానే ఇవాళ నీ ముందు కూర్చుని వాగుతున్నా.

పొద్దున్నకి ఆకాశం తెరిపిచ్చింది, దిగాం. ఎమిలియన్‌కి కాలి చిటికెన వేలొకటి పోయింది. ఆ పోయిన వేలికి అక్కని ఎన్నడూ తప్పుపట్టలేదు మహానుభావుడు. ఏటా ఉత్తరం రాసేవాడు. వారం తిరక్కుండా అక్క కట్టెల మోపెత్తుకుని మళ్ళీ పైకి బయల్దేరింది, మేం కాల్చినవి మేమే పెట్టాలి కదా. ఊరి చివర ఎవరున్నారనుకున్నావ్? మార్షాన్! వీపు మీద ఇంత మోపు. 'బరువుగా ఉందా బాబూ?' అంటే, చెమటలు కారిపోతున్నా లేదని తలూపాడట. ఇలాంటి మనిషి నా తోడబుట్టిందిరా. నేను ఎక్కడికెళ్ళినా, పేరు అడిగితే ముందు 'పెరీన్ తమ్ముణ్ణి' అనేవాణ్ణి. నా పేరు తర్వాత. అక్క పోయి ముప్ఫై ఒక్కేళ్ళు. చివరి రోజుల్లో ఆ చేతులు పట్టుకుంటే...

ఏంటా చప్పుడు? మేకలు క్యాబేజీల్లో పడ్డట్టున్నాయి. లే, లేరా!